మూసినట్లా, కలిపినట్లా? – అనువాద ఫైళ్ల అమరిక నేర్పిన పాఠం

సాంకేతిక గవాక్షం



మన సంస్థ ప్రవేశద్వారం ముందు నిలిచి తలయెత్తి చూచినచో నామఫలకంపై మూడు వరుసలు కనబడతాయి. పైన ప్రాంతీయ భాష, దాని క్రింద హిందీ, అన్నిటికన్న క్రింద ఆంగ్లం. ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకందరకూ ఈ క్రమం చిరపరిచితమే. 1963 నాటి అధికార భాషల చట్టం, 1976 నాటి నియమావళి మన ఉత్తరువులకు, ఫారాలకు, రిజిస్టర్ల శీర్షికలకు ఒకటికి మించిన భాషలను అలవాటు చేసినవి. ఆ ఫలకం విషయంలో మనం సాధారణంగా గమనించని విశేషం ఒకటున్నది. గోడ కట్టిన తాపీమేస్త్రీ అక్షరాలు దిద్దలేదు. అక్షరాలు దిద్దినవారు గోడ కట్టలేదు. ఒక వరుసలో తప్పు దొర్లినపుడు ఆ వరుసను మాత్రమే చెరిపి తిరిగి వ్రాయిస్తాము. అందుకొరకు గోడను పడగొట్టము.

కంప్యూటరు తెరపై అనేక భాషలను చూపే విధానానికి కూడా ఇదే సూత్రం మూలాధారం. ప్రోగ్రాము గోడ వంటిది, మాటలు ఫలకం వంటివి. ఈ రెంటినీ వేరుచేసి, ఒక్కొక్క భాష మాటలను ఒక్కొక్క ఫైలులో భద్రపరుస్తారు. వీటినే అనువాద ఫైళ్లు అంటారు. ఇది కేవలం ప్రోగ్రాములు వ్రాసేవారికి సంబంధించిన విషయమని తోచవచ్చు. కాని ఈ ఫైళ్లను అమర్చే తీరులో జరిగే పొరపాటు ఒక్కొక్కప్పుడు పనిచేసే మనిషి ప్రాణానికే ముప్పు కాగలదని నాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చినది. ఆ అనుభవాన్ని మీతో పంచుకొనుటే ఈ నెల శీర్షిక ఉద్దేశం.

కొంతకాలం క్రితం ఒక విద్యుత్ ఉపకేంద్రంలోని పరికరాల స్థితిని, దాని ప్రక్కనే ఉన్న పంపుహౌసులోని వాల్వుల స్థితిని ఒకే తెరపై మూడు భాషలలో చూపే ప్రయత్నంలో నేను కూడా పాలుపంచుకొన్నాను. మేము చేసిన మొదటి పని ఇది. తెరపై కనిపించే ఆంగ్ల పదాలనన్నిటినీ ఒక పట్టికగా తీసి, పునరుక్తులను తొలగించి, ఒక్కొక్క ఆంగ్ల పదానికి ఒక్కొక్క తెలుగు పదం చొప్పున నింపాము. ఒకే పదాన్ని పదిసార్లు అనువదించవలసిన శ్రమ తప్పినదని, పట్టిక చిన్నదైనదని మేమంతా సంతోషించాము.

పరీక్షార్థం ఆ తెరను వాడి చూపిన రోజున, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అభిప్రాయం అడిగాము. ఆయన కళ్లద్దాలు సవరించుకొని తెరవంక చాలాసేపు చూచారు. ఒక సర్క్యూట్ బ్రేకరు బొమ్మ ప్రక్కన “మూయబడినది” అని ఉన్నది. ఆయన వేలితో దానిని చూపి, “సార్, మూశారంటే ఏమిటి? లైన్లో కరెంటు లేనట్టా?” అని అడిగారు.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. తోచిన తరువాత నోట మాట రాలేదు.

విషయమేమనగా, ఆంగ్లంలో “క్లోజ్డ్” అన్న మాట వాల్వుకు వాడినపుడు మార్గం మూసుకొన్నది, ప్రవాహం ఆగినది అని అర్థం. అదే మాట సర్క్యూట్ బ్రేకరుకు వాడినపుడు దాని కొసలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నవి, విద్యుత్తు ప్రవహించుటకు మార్గమేర్పడినది అని అర్థం. “ఓపెన్” అన్న మాటకూ ఇదే తలక్రిందుల పరిస్థితి. తెరచిన వాల్వులో నీరు పారుతుంది, ఓపెన్‌గా ఉన్న బ్రేకరులో విద్యుత్తు పారదు. విద్యుత్ శాఖలో పనిచేసినవారు ఆంగ్ల పదంతోనే ఈ తేడాను నేర్చుకొని ఉంటారు గనుక వారికి చిక్కు లేదు. కాని మేము దానిని “మూయబడినది” అని తెలుగు చేయగానే, ఇంట్లో కుళాయి మూసిన అనుభవమే చదివేవాని మనస్సుకు వస్తుంది. ప్రమాదమున్న చోట ప్రమాదం లేదని మా తెర చెప్పినది.

ఆ ఎలక్ట్రీషియన్ వంటి అనుభవజ్ఞులు తెరను మాత్రమే నమ్మి లైనుపై చేయి వేయరు. సరఫరాను వేరుచేసి, తాళం వేసి, విద్యుత్తు లేదని పరికరంతో పరీక్షించి, ఎర్తింగ్ చేసిన పిమ్మటే పని మొదలుపెట్టుట మన నియమం. అయినను ఆ నియమానికి తెర తోడు నిలువవలెనే గాని, ఎదురు నిలువరాదు. క్రొత్తగా చేరిన ఒక కుర్రవాడు, రాత్రి షిఫ్టులో, తొందరలో ఉన్నపుడు ఆ తెరను చూస్తే ఏమనుకొనేవాడోనన్న ఆలోచన ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది.

తప్పు తెలుగు పదానిది కాదు. “మూయబడినది” అన్న మాట వాల్వుకు చక్కగా సరిపోతుంది. తప్పు మేము ఫైలును అమర్చిన తీరులో ఉన్నది. రెండు వేరువేరు అర్థాలకు ఒకే గది కేటాయించి, ఆ గదిలో ఒకే మాట ఉంచాము. అనువాదకుడు ఎంత పండితుడైనా అటువంటి పట్టికలో సరియైన మాట వ్రాయలేడు. ఏ మాట వ్రాసినా రెండింటిలో ఒకచోట తప్పవుతుంది.

ఈ ఫైళ్లు లోపల ఎట్లుంటవో ఇపుడు చూద్దాము. ప్రతి సందేశానికి ఒక సంకేతనామం, దానికెదురుగా ఆ భాషలోని వాక్యం ఉంటాయి. మన టౌన్‌షిప్‌లో ప్రతి క్వార్టరుకు ఒక నంబరున్నట్లే ఇది కూడా. అందులో నివసించే కుటుంబం మారినా నంబరు మారదు. తెలుగు ఫైలులోను, హిందీ ఫైలులోను, ఆంగ్ల ఫైలులోను అవే సంకేతనామాలు ఉంటాయి, వాక్యాలు మాత్రమే మారతాయి. ప్రోగ్రాము తెరపై ఏదైనా చూపవలసినపుడు సంకేతనామాన్ని చెప్పి, వాడుకరి ఎంచుకొన్న భాష ఫైలు నుండి వాక్యాన్ని తెచ్చుకొంటుంది.

ఈ పద్ధతికి ప్రపంచంలో అనేక రూపాలున్నవి. గ్నూ సంస్థవారి గెట్‌టెక్స్ట్ అనే సాధనం 1995 నుండి వాడుకలో ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో ప్రతి భాషకు ఒక ప్రత్యేక ఫోల్డరు ఉంటుంది. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క జేసన్ ఫైలు ఉంటుంది. రూపాలు వేరైనా, పాటించవలసిన నియమాలు ఒక్కటే. మేము ఆ ఎలక్ట్రీషియన్ ప్రశ్న తరువాత మా పట్టికను చెరిపి తిరిగి వ్రాసినపుడు నేర్చుకొన్న నియమాలను వరుసగా చెబుతాను.

మొదటిది, సంకేతనామం ఆంగ్ల పదాన్ని బట్టి గాక, ఆ సందేశం ఉండే చోటును, చేసే పనిని బట్టి పెట్టవలెను. సాధారణంగా ఈ నామాలను రోమన్ లిపిలో వ్రాస్తారు గాని, సౌలభ్యం కొరకు ఇక్కడ తెలుగులో చూపుతున్నాను. “క్లోజ్డ్” అని ఒకే నామం పెట్టుటకు బదులు “ఉపకేంద్రం–బ్రేకరు–స్థితి–కలిసియున్నది” అని ఒకటి, “పంపుహౌసు–వాల్వు–స్థితి–మూసియున్నది” అని మరొకటి పెట్టాము. ఆంగ్ల ఫైలులో రెండింటికీ ఎదురుగా ఒకే మాట ఉన్నా నష్టం లేదు. తెలుగు ఫైలులో మొదటిదాని ఎదుట “కలిసి ఉన్నది – విద్యుత్తు ఉన్నది” అని, రెండవదాని ఎదుట “మూసి ఉన్నది” అని వ్రాసుకొనే వీలు కలిగినది. పట్టిక పెద్దదైనది, కాని మనిషికి క్షేమమైనది.

ఇటువంటి మాటలు మన కార్యాలయాలలో కోకొల్లలు. “లీవ్” అన్నది సెలవు కావచ్చు, తెరనుండి నిష్క్రమించుట కావచ్చు. “ఆర్డర్” ఉత్తరువు కావచ్చు, కొనుగోలు కావచ్చు, వరుసక్రమం కావచ్చు. “డిశ్చార్జి” ఆసుపత్రిలో ఒక అర్థం, బ్యాటరీ గదిలో మరొక అర్థం. “ప్లాంట్” మనకు కర్మాగారం, తోటల విభాగానికి మొక్క.

రెండవది, ప్రతి సందేశానికి ఒక వివరణ జతచేయవలెను. ఇది ఎక్కడ కనిపిస్తుంది, మీటపైనా లేక శీర్షికలోనా, ఎవరు చదువుతారు, ఎంత చోటున్నది అన్న వివరాలు అనువాదకునికి తెలియవలెను. మీడియావికీ వారు ఇందుకొరకు ఒక చక్కని ఏర్పాటు చేసినారు. అన్ని భాషల ఫైళ్లతోపాటు ఏ భాషకూ చెందని ఒక ఫైలును కూడా ఉంచి, అందులో ప్రతి సంకేతనామానికి ఎదురుగా ఆ సందేశం సందర్భాన్ని వ్రాస్తారు. గెట్‌టెక్స్ట్‌లో కూడా ఒకే ఆంగ్ల వాక్యానికి రెండు సందర్భాలున్నపుడు వాటిని వేరుచేసి చూపే వీలున్నది. మా పట్టికలో ఇట్టి వివరణ ఒక్క పంక్తి ఉన్నట్లయితే, ఆ ప్రశ్న అడగవలసిన అవసరం ఆయనకు కలిగేది కాదు.

మూడవది, వాక్యాన్ని ముక్కలు చేయరాదు. ఆంగ్లంలో పుటసంఖ్యను “పేజ్ 3 ఆఫ్ 10” అని చూపుతారు. దీనిని “పేజ్”, “ఆఫ్” అన్న రెండు ముక్కలుగా ఫైలులో ఉంచి, మధ్యలో అంకెలు చేర్చితే తెలుగులో అర్థవంతమైన వాక్యం ఏర్పడదు. మనం “10 పుటలలో 3వ పుట” అంటాము. అంకెల క్రమమే తారుమారవుతుంది. కనుక పూర్తి వాక్యాన్ని ఒకే సందేశంగా ఉంచి, అంకెలు వచ్చేచోట పేరుగల ఖాళీలు విడువవలెను. ఏ ఖాళీ ముందు రావలెనో ఆ భాష అనువాదకుడే నిర్ణయిస్తాడు.

ఖాళీల విషయంలో తెలుగుకు తనదైన చిక్కు ఒకటున్నది. వాటిలో పేరు చేరినపుడు విభక్తి మారుతుంది. రాముకు అంటాము, లక్ష్మికి అంటాము. ప్రోగ్రాముకు ఈ తేడా తెలియదు. అట్లే క్రియ కూడా వచ్చాడు, వచ్చింది అని మారుతుంది. దీనికి మా బృందంలోని ఒక సహోద్యోగిని సూచించిన పరిష్కారం అతి సులువైనది. పేరు తరువాత “గారు” చేర్చమన్నారామె. “గారికి” అన్నపుడు ఏ పేరైనా ఇముడుతుంది, “వచ్చారు” అన్నపుడు స్త్రీపురుష భేదం రాదు. మన్ననా దక్కినది, వ్యాకరణమూ కుదిరినది.

నాలుగవది, ఏకవచన బహువచనాలు. మన కరెన్సీ నోటు వెనుక 15 భాషలలో విలువను ముద్రించే పట్టికను మీరందరూ చూచే ఉంటారు. ఒక రూపాయి నోటు అయితే “రూపాయి”, రెండు కాగానే “రూపాయలు”. సెలవు దరఖాస్తులో కూడా “1 రోజు సెలవు”, “3 రోజుల సెలవు” అని రెండు రూపాలు అవసరం. తెలుగుకు, ఆంగ్లానికి రెండేసి రూపాలు చాలు. జపాను భాషకు ఒక్కటే చాలు. అరబ్బీకి ఆరు రూపాలు కావలెను. హిందీకి రెండే గాని, అక్కడ సున్న కూడా ఒకటితో కలిసి నడుస్తుంది. ఏ భాషకు ఎన్ని రూపాలో తెలిపే నియమాలను యూనికోడ్ కన్సార్టియంవారు ఒక సమాచార నిధిగా సమకూర్చి అందరికీ అందుబాటులో ఉంచినారు. ఆ నియమాలను ప్రోగ్రాములో మన ఊహతో వ్రాయక, అక్కడి నుండి తీసుకొనుట మేలు.

ఐదవది, ఫైళ్లను విభాగాలవారీగా వేరుచేయుట. అన్ని సందేశాలను ఒకే ఫైలులో కుప్పపోసినచో నలుగురు కలిసి పనిచేయుట కష్టం. సెలవులకొకటి, ఆసుపత్రికొకటి, ఉపకేంద్రానికొకటి చొప్పున ఉంచి, “సరే”, “రద్దు” వంటి నిజంగా అన్నిచోట్లా ఒకే అర్థమిచ్చే కొద్ది మాటలకు మాత్రమే ఉమ్మడి ఫైలు పెట్టుకొనవలెను. మా “క్లోజ్డ్” ఆ ఉమ్మడి ఫైలులోనే చేరి కూర్చున్నది. ఉమ్మడి ఆస్తి ఎంత తక్కువైతే తగవు అంత తక్కువ.

ఫైలుకు పేరు పెట్టునపుడు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం భాషకున్న సంకేతాన్ని వాడవలెను. తెలుగుకు “టీఈ”, హిందీకి “హెచ్ఐ” అని ఆ సంకేతాలు నిర్ణయమై ఉన్నవి. రాష్ట్రాన్ని బట్టి భాషను ఊహించరాదు. భిలాయిలోను, రూర్కెలాలోను పనిచేసే తెలుగువారున్నారు, మన ఊళ్లో పనిచేసే ఒడియా, తమిళ సోదరులున్నారు. భాషను ఎంచుకొనే హక్కు చదివేవానిదే. ఫైళ్లన్నిటినీ యూటీఎఫ్-8 పద్ధతిలోనే భద్రపరచవలెను. ఒకప్పుడు ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతపద్ధతి ఉండి, ఒక యంత్రంలో వ్రాసినది మరొక యంత్రంలో గజిబిజి గుర్తులుగా కనబడిన రోజులను మనలో చాలామంది ఎరుగుదురు. ఆ బాధ తిరిగి తెచ్చుకొనరాదు.

ఆరవది, లోపాలను యంత్రంతోనే వెదకించుట. ఆంగ్ల ఫైలులో ఉండి తెలుగు ఫైలులో లేని సందేశాలేవి, ఖాళీల పేర్లు రెండింటిలో సరిపోయినవా అన్నది ఒక చిన్న ప్రోగ్రాము క్షణంలో చెప్పగలదు. తెలుగు వాక్యం లేనపుడు చాలా సాధనాలు మూలభాషను చూపుతాయి. సెలవు దరఖాస్తులో ఒక ఆంగ్ల వాక్యం మిగిలిపోతే అది లోపమే గాని ఆపద కాదు. భద్రతకు సంబంధించిన సందేశం ఒక్కటి కొరవడినా ఆ తెరను విడుదల చేయరాదని మేము నియమం పెట్టుకొన్నాము.

మూలవాక్యం మారి అనువాదం పాతదిగా ఉండిపోవుట ఇంకా ప్రమాదకరం, ఎందుకనగా అది పైకి కనబడదు. గెట్‌టెక్స్ట్ ఇట్టి అనువాదాలకు సందేహాస్పదమని గుర్తు పెడుతుంది. మనిషి చూచి ఆ గుర్తు తీసివేసేవరకు సాధారణంగా వాటిని వాడుకలోనికి రానీయదు. నేడు యంత్రానువాదం ఎంతో సులభమైనది, మేమూ వాడుకొంటున్నాము. కాని యంత్రం వ్రాసిన ప్రతి పంక్తికీ ఈ సందేహపు గుర్తు ఉంచి, ఆ పని తెలిసిన మనిషి చదివిన తరువాతనే తొలగిస్తున్నాము.

చివరిది, పదకోశం. 1961లో ఏర్పడిన శాస్త్రీయ సాంకేతిక పదావళి కమిషన్, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మనకు ఎన్నో పారిభాషిక పదాలను అందించినవి. వాటికి నమస్కరించి, షాపుఫ్లోరులో నిత్యం వినిపించే మాటలను కూడా వాటి ప్రక్కనే చేర్చుకొనవలెను. బ్రేకరును బ్రేకరనే అందరూ అంటారు. దానికి క్రొత్త పేరు పెట్టి పనివానిని తికమకపెట్టుట భాషాసేవ కాదు. ఒక మాటను ఒకసారి నిర్ణయించిన పిమ్మట అన్ని ఫైళ్లలోను అదే వాడవలెను.

సవరించిన తెరను ఆ ఎలక్ట్రీషియన్‌కే మరల చూపించాము. “కలిసి ఉన్నది – విద్యుత్తు ఉన్నది” అన్న పంక్తిని ఆయన పైకి చదివి, ప్రక్కనున్న ఎర్రదీపం వంక చూచి, “ఇప్పుడు దీపమూ మాటా ఒకటే చెప్తున్నాయి సార్” అన్నారు. ఆ ఫైలులో ఆ సందేశానికి ఎదురుగా ఉన్న వివరణలో మేము వ్రాసుకొన్న పంక్తి ఇది: “ఇచ్చట మూయుట అన్న పదం వాడరాదు. చదివేవారు లైనుపై పనిచేసే సిబ్బంది.” రేపు మేమెవ్వరం ఈ శాఖలో లేకపోయినా, ఆ ఫైలును తెరచే క్రొత్తవారికి ఆ పంక్తి కనబడుతుంది. ఆయన అడిగిన ప్రశ్న అక్కడ నిలిచి ఉంటుంది.

పాఠకులకు ఒక మనవి. హాజరు యంత్రంపైగాని, ఆసుపత్రి తెరపైగాని, మన సంస్థ వెబ్‌సైటులోగాని మీకు విడ్డూరంగా తోచిన తెలుగు వాక్యం కనబడినపుడు నవ్వి ఊరుకొనకండి. ఏ తెర, ఏ మూల, ఏ మాట అన్నది ఒక కాగితంపై వ్రాసి మీ విభాగాధిపతి ద్వారా కంప్యూటరు శాఖకు పంపండి. ఇంటిలోని పెద్దలకు, పిల్లలకు ఆ వాక్యం చదివి వినిపించి వారికి ఏమి అర్థమైనదో కూడా వ్రాయండి. అనువాదాన్ని పరీక్షించుటకు అంతకన్న మంచి సాధనం మాకు దొరకదు.

వచ్చే సంచికలో మరొక విషయంతో కలుసుకొందాము. అంతవరకు సెలవు.